ఇసుక బస్తాల విహారం

సరస్సు ఒడ్డు,
వేసవి మొదట్లో.

అక్కకి,

నీ ఉత్తరం అందింది. "అందరూ డబ్బులు పెట్టి వెళ్ళే చోట నువ్వు ఊరికే కాపురం చేస్తున్నావు, నీకేమే" అని రాశావు. నిజమే, నాకేం. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా కొండలు, కొండల మధ్య నీళ్ళు, నీళ్ళలో మబ్బులు. వాటికీ నాకూ మధ్య తాడు మీద ఆరేసిన లైఫ్ జాకెట్లు. ఒక జాకెట్ పక్కకి జరిపితే కొండ కనపడుతుంది. ఇంకోటి జరిపితే మా అత్తగారు కనపడతారు. అందుకని నేను జరపను.

మా మామగారు ఈమధ్యే రేవు దగ్గర బోర్డు మార్పించారు. ఇదివరకు "పడవలు అద్దెకివ్వబడును" అని ఉండేదట. ఇప్పుడు "పన్నెండు నెలలూ వినోదం" అని రాయించారు. వేసవిలో పడవలు, ఈత. వానలు వెలిశాక గాలాలు, కొండ మీదికి నడక. చలికాలం నీళ్ళు గడ్డకట్టాక జారుడు బూట్లు, తోపుడు కుర్చీ. మంచు కరిగాక పక్షుల్ని చూడటం. దానికి కూడా టికెట్టు పెట్టారు. పక్షులకి తెలియదు పాపం. ఇదివరకు వేసవి అయిపోతే ఇంటిల్లిపాదీ కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళట. నేను అడుగుపెట్టిన వేళావిశేషం, ఆ కాళ్ళు ముడుచుకున్నాయి.

నా వినోదం సంగతి కూడా రాస్తాను. జాకెట్లు ఉతకడం, తడి తువ్వాళ్ళు పిండడం, గదులు ఊడవడం. వచ్చినవాళ్ళు ఒడ్డున ఉన్న ఇసుకంతా కాళ్ళతో లోపలికి తెస్తారు. నేను చీపురుతో మళ్ళీ బయటికి చేరుస్తాను. ఈ సరస్సుకి ఇంకా ఒడ్డంటూ మిగిలిందంటే అది నా చలవే.

నీకు గుర్తుందా, పెళ్ళికి ముందు మా ఇద్దర్నీ కాసేపు మాట్లాడుకోమని వదిలేసి నువ్వు తలుపు వెనక నిలబడ్డావు. ఆయన మొత్తం మీద ఒకే మాట అన్నారు. "మా ఇంటికొచ్చాక నిన్ను పడవలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్తా." నేను దానికే తలూపాను. సంపాదన సంగతి అడగలేదేమే అని తర్వాత నువ్వు తిట్టావు కూడా. ఆ అవతలి ఒడ్డు ఇంకా అవతలే ఉందక్కా. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటి మనుషులు పడవ నడపడానికి ఎక్కొచ్చు కానీ, కూర్చోవడానికి ఎక్కకూడదు. "మనమే కూర్చుంటే గిరాకీ ఎక్కడ కూర్చుంటుంది?" అని మామగారి ప్రశ్న. పడవలన్నీ ఖాళీగా కట్టేసి ఉన్నప్పుడు కూడా అదే ప్రశ్న.

ఆయన్ని అడగడానికి నాకు మొహమాటం. రోజంతా తెడ్డు వేసి చేతులు బొబ్బలెక్కి వచ్చిన మనిషిని, ఇంకోసారి వెయ్యండి, ఈసారి సరదాకి, అని ఎలా అడగను?

నీ చెల్లి.


పట్నం, కుట్టు షాపు పైగది,
ఎండలు ముదిరాక.

చెల్లీ,

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. పక్షుల టికెట్టు దగ్గరికొచ్చేసరికి కాజాలు కుట్టే ఆవిడ మిషను ఆపేసింది. ఈ షాపు పెట్టాక కరెంటు పోకుండా ఆవిడ మిషను ఆగడం ఇదే మొదటిసారి.

ఇక్కడ నా వినోదం కూడా పన్నెండు నెలలూనే. మా అందరికీ కలిపి ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కింద మా కటింగ్ మాస్టరు. గాలి ఆయన దగ్గరికొచ్చి అక్కడే ఆగిపోతుంది. కిటికీలోంచి చూస్తే బస్‌స్టాపు. అక్కడ నిలబడ్డవాళ్ళు మమ్మల్ని చూసి, వీళ్ళు నీడలో కూర్చున్నారు, అదృష్టవంతులు అనుకుంటారు.

ఇంతకీ మొహమాటమేంటే? ఆయన నీకు మొగుడు, బస్సులో పక్క సీటాయన కాదు. నాకు రాసేటప్పుడు ఇంత నోరుందే, అక్కడ దాన్ని ఏ బీరువాలో పెట్టి తాళం వేస్తావు? మాట ఇచ్చింది అతను. ఏమండీ, ఆ మాట ఏమైంది అని అడుగు. మా మరిదేమీ నిన్ను కొరికి తినడు. తెడ్డేసి తెడ్డేసి అంత ఓపిక కూడా ఉండి ఉండదు.

మీ బావ నీ ఉత్తరం విని, వచ్చే ఏడు మనం కూడా వెళ్దామే అన్నాడు. మీ బావ వెళ్దామన్న ఊళ్ళన్నీ వెళ్ళుంటే ఈపాటికి నేను భూమి చుట్టొచ్చేదాన్ని.

అక్క.


సరస్సు ఒడ్డు,
వానలు వెలిశాక.

అక్కా,

అడిగాను. నువ్వు నమ్మవని తెలుసు, కానీ అడిగాను.

ఆయన రేవు మెట్ల మీద కూర్చుని తెడ్డుకి వార్నీషు వేస్తున్నారు. నేను జాకెట్లు మోసుకుంటూ వెళ్తూ ఆగాను. ఆగాక, ఎందుకాగానో చెప్పాలి కదా. "అవతలి ఒడ్డు ఎలా ఉంటుందండీ?" అన్నాను. ఆయన తలెత్తి అటు చూశారు. చాలాసేపు చూశారు. చివరికి, "దూరం" అన్నారు. మళ్ళీ వార్నీషు వెయ్యడం మొదలుపెట్టారు.

ఇంకేం అడగమంటావు?

ఇప్పుడు గాలాల కాలం నడుస్తోంది. గాలాలవాళ్ళు మాట్లాడరు, కదలరు, తువ్వాళ్ళు తడపరు. నేను చూసిన మగవాళ్ళలో ఇంత బుద్ధిమంతులు లేరు. ఇంట్లో కూర్చుని ఊరికే గోడకేసి చూస్తే పెళ్ళాలు ఊరుకోరని, ఇక్కడికొచ్చి టికెట్టు కొనుక్కుని నీళ్ళకేసి చూస్తారనుకుంటా. ఒకాయన పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కూర్చుని, వెళ్తూ వెళ్తూ "ఇక్కడ చేపలు ఉన్నాయంటారా?" అని మా అత్తగారిని అడిగాడు. "ఉన్నాయండి, నీళ్ళలో, భద్రంగా" అన్నారావిడ. మా అత్తగారు మాట్లాడేది తక్కువ. మాట్లాడితే ఎదుటివాళ్ళు తక్కువైపోతారు.

ఇంతకంటే విశేషాలేం లేవు.

నీ చెల్లి.


పట్నం, కుట్టు షాపు పైగది,
చలి మొదలవుతుండగా.

మహారాణీ వారికి,

తమరు క్షేమమని తలుస్తాను. తలవడం ఎందుకు, కళ్ళారా చూశాను. మా షాపు ఎదుట బస్‌స్టాపు గోడకి తమరి పోస్టరు అంటించారు. పైన "పన్నెండు నెలలూ వినోదం". కింద నాలుగు బొమ్మలు. ఒకదాంట్లో తమరు పడవలో కూర్చుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఒకదాంట్లో గాలం పట్టుకుని నవ్వుతున్నారు. ఇంకోదాంట్లో ఉన్ని టోపీతో మంచులో నవ్వుతున్నారు. మరోదాంట్లో మా మరిదికి ఆకాశంలో పక్షిని చూపిస్తూ నవ్వుతున్నారు.

"జాకెట్ల మధ్య మగ్గిపోతున్న మీ చెల్లెలు ఈవిడేనా?" అని కాజాలావిడ అడిగింది. ఏం చెప్పను? కాదు, ఆ అమ్మాయికి అక్క నేను కాదు అన్నాను.

విహారం చేశానని రాస్తే నేనేమైనా వాటా అడుగుతానా? మీ బావ దగ్గర నీ కష్టాలు చెప్పుకుని ఒకపూట అన్నం మానేశాను కూడా. ఆ అన్నం ఎవరిస్తారు? మంచులో ఎర్రబడ్డ ఆ బుగ్గలు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. నాకు మాత్రం మండింది.

ఇక తమరు శ్రమపడి కష్టాలు కల్పించి రాయనక్కర్లేదు.

ఇట్లు,
అక్క. (ఎవరికో తమరికే తెలియాలి.)


సరస్సు ఒడ్డు,
చలికాలం.

అక్కా,

కోపం తగ్గాకే చదువు. తగ్గకపోతే తగ్గేదాకా మిషను కింద పెట్టి ఉంచు.

నేను కాపురానికొచ్చింది మంచు కరిగాక. నువ్వు పోస్టరు చూసేనాటికి నేను ఇక్కడ ఒక్క చలికాలమైనా చూడలేదు. మరి మంచులో నిలబడి ఎలా నవ్వానో, నీకు అనుమానం రాలేదా?

సిగ్గేసి రాయలేదు. మండుటెండల్లో ఒక రోజు ఫోటోలాయన వచ్చాడు. పోస్టరులోకి నవ్వే జంట కావాలన్నాడు. "ఇంట్లో ఒక జంట ఉందిగా, ఖాళీగా" అన్నారు మామగారు. ఏడాదంతా ఒక్క రోజులో కానిచ్చేశారు. పొద్దున వేసవి. కాసేపటికి గాలాలు. సూర్యుడు నడినెత్తి మీదికొచ్చాక చలికాలం. ఉన్ని కోటు, మఫ్లరు, టోపీ. మంచు అంటే పాత దిండులోని దూది. మా అత్తగారు నిచ్చెనెక్కి పైనుంచి చల్లారు. నా బుగ్గలు ఎర్రబడింది చలికి కాదు, ఎండదెబ్బకి. పక్షి కూడా లేదు. నేను వేలు పెట్టి చూపిస్తున్నది కరెంటు స్తంభాన్ని.

ఇక పడవ. అది గుంజకి కట్టేసే ఉందక్కా. విప్పితే కదులుతుంది, కదిలితే ఫోటో చెడుతుందన్నాడు. ముడి కనపడకుండా పైన శాలువా కప్పాడు. ఈసారి బస్సుకి నిలబడినప్పుడు ఎడమ పక్కన చూడు, శాలువా కింద ముడి ఉబ్బెత్తుగా తెలుస్తుంది. మరి ఆ నవ్వేంటంటావా? ఫోటో తీసే ముందు ఆయన నా చెవిలో, "ఇది లెక్కలోకి రాదు" అన్నారు. అంటే ఇచ్చిన మాట ఆయనకి గుర్తుందన్నమాట. దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వునే నీ బస్‌స్టాపులో అంటించారు.

ఆ పోస్టరు పుణ్యమా అని నాకింకో ఉద్యోగం వచ్చింది. చలి ముదరకముందు వచ్చినవాళ్ళు నన్ను గుర్తుపట్టి, "మీరే కదూ, అవతలి ఒడ్డున ఏముంటుందండీ?" అని అడిగారు. నీళ్ళు నమిలాను. నమిలి నమిలి, నీలం పూలుంటాయి అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. వాళ్ళు వెంటనే పడవ తీసుకున్నారు. అది విన్న మామగారు నన్ను టికెట్ల కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళకల్లా అవతలి ఒడ్డు వర్ణించడం ఇప్పుడు నా పని. నా గొంతు చిన్నది కదా, అందరూ దగ్గరికొచ్చి వంగి వింటారు. ఏదో రహస్యం చెప్తున్నాననుకుని ఇంకా నమ్ముతారు. పూలకి తోడు ఒక వాగు పెట్టాను. వాగు పక్కన కూర్చోవడానికి వీలుగా ఒక చదునైన బండ.

ఒకావిడ తిరిగొచ్చి, "అక్కడ రాళ్ళూ, కప్పు లేని కొట్టమూ తప్ప ఏం లేదే" అంది. "మీరు తొందరగా వచ్చేసుంటారండీ" అన్నాను. చూశావా, మొగుడితో మాట్లాడటానికి నోరు రాదు కానీ వ్యాపారం వచ్చేసింది.

కోపం తగ్గితే రాయి.

నీ చెల్లి.


పట్నం, కుట్టు షాపు పైగది,
చలికాలం.

చెల్లీ,

ముడి కనపడింది.

షాపంతా దిగి వెళ్ళి చూసొచ్చాం. కటింగ్ మాస్టరు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. కాజాలావిడ సూదితో గుచ్చి చూపిస్తూ "ఇది దూదే, అదీ నాసిరకం" అని తేల్చేసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా మా వెనక చేరి, ఎక్కాల్సిన బస్సు పోగొట్టుకున్నారు. ఇప్పుడీ వీధిలో నీ చలికాలాన్ని నమ్మేవాడు ఒక్కడూ లేడు.

క్షమించమని రాయను. ఒకసారి రాస్తే నీకు అలవాటైపోతుంది.

ఒకపక్క ఎప్పుడూ చూడని ఒడ్డుని ఊరందరికీ అమ్ముతున్నావు. ఇంకోపక్క గుర్తుంచుకున్న మొగుడు నోరు మెదపడు. చక్కని జంట. "ఇది లెక్కలోకి రాదు" అన్నాడుగా, లెక్కలోకి వచ్చేది ఎప్పుడో అడగవే. నాకు నిద్ర పట్టట్లేదు ఇక్కడ.

అక్క.


సరస్సు ఒడ్డు,
మంచు కరిగాక.

అక్కా,

చలికాలం దాటేశాం. గడ్డకట్టిన సరస్సు మీద ఆయన తోపుడు కుర్చీలో జనాన్ని కూర్చోబెట్టి తిప్పారు. మధ్యలో మంచు పలచనగా ఉంటుందని కుర్చీ అవతలికి పోదు. నేనేమో జారుడు బూట్లలోంచి తడి కాగితాలు తీసి పొడి కాగితాలు కుక్కాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ మొహాలు నాకు తెలియవు కానీ పాదాలు తెలుసు. ఎవరెలాంటివాళ్ళో వాటినిబట్టి చెప్పగలను.

ఇప్పుడు చెప్పేది నవ్వకుండా చదువు. మంచు కరిగాక మొదటి పడవని ఒక జంట బుక్ చేసుకుని, డబ్బు కట్టి, రాలేదు. మామగారికి ఇంకో నియమం ఉందని అప్పుడు తెలిసింది. డబ్బు తీసుకున్న పడవ అవతలి ఒడ్డుకి వెళ్ళి రావలసిందే, మనుషులు వచ్చినా రాకపోయినా. తిప్పకుండా డబ్బు ఉంచుకుంటే దొంగతనమట. తిరిగి ఇచ్చేయొచ్చుగా అంటావేమో. అది తెలివితక్కువతనమట.

ఖాళీ పడవకి ముందువైపు పైకి లేస్తుంది, కొండగాలికి పక్కకి తిరిగిపోతుంది. అందుకని మనుషులు కూర్చునే చోట రెండు ఇసుక బస్తాలు పెట్టించారు. పడవలో ఎవరున్నా జాకెట్ ఉండాలన్నది రూలు కాబట్టి వాటికి లైఫ్ జాకెట్లు తొడిగించారు. నేను ఉతికి ఆరేసిన జాకెట్లే. ఆయన వాటిని ఎదురుగా పెట్టుకుని తెడ్డు వేసుకుంటూ వెళ్ళిపోయారు. నేను ఒడ్డున నిలబడి చూశాను. బస్తాలు ఎంత హుందాగా కూర్చున్నాయనుకున్నావు. మధ్యలోకి వెళ్ళాక గాలికి ఒకటి రెండోదాని మీదికి కాస్త ఒరిగింది కూడా, కొత్తగా పెళ్ళయినవాళ్ళలాగా.

పెళ్ళయి ఏడాదైంది. నాకంటే ముందు అవతలి ఒడ్డు బస్తాలు చూశాయి.

నీ చెల్లి.


పట్నం, కుట్టు షాపు పైగది,
మీ మంచు కరిగింది, మా ఫ్యాను చెడింది.

చెల్లీ,

ఎదురు మాట్లాడకుండా చదువు. వేసవిలో మొదటి ఆదివారం, పొద్దున మొదటి పడవ, ఇద్దరికి. కాజాలావిడ బుక్ చేసింది. డబ్బు నాది. మేమెవరం రాము.

మీ మామగారు బస్తాలు ఎత్తమంటారు. ఎత్తేలోపు నువ్వు "బస్తాలెందుకు, నేనున్నాగా" అనాలి. అంతే. పాటలు పాడమనలేదు, ఉపన్యాసం ఇవ్వమనలేదు. అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి. టికెట్ల కిటికీ దగ్గర లేని పూలు పూయించిన నోరే కదా, ఉన్న మాట ఒకటి అనలేదా?

అక్క.


సరస్సు ఒడ్డు,
ఆదివారం సాయంత్రం.

అక్కా,

బస్తాలు క్షేమంగా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాయి.

సాధన చేశాను. అద్దానికి చాలా బాగా చెప్పాను. పొద్దున తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని రేవు మెట్ల మీద నిలబడ్డాను. మామగారు దారికేసి చూసి చూసి, "ఇక రార్లే, బస్తాలెత్తరా" అన్నారు. నేను నోరు తెరిచాను. అదే సమయానికి మామగారు ఇటు తిరిగి, "ఏమ్మా, ఏదో అంటున్నావు?" అన్నారు.

"జాకెట్లు తెమ్మంటారా?" అన్నాను.

నా నోట్లోంచి వచ్చింది అదక్కా. తెచ్చాను. నేనే తొడిగాను. మెడ దగ్గర బిగుతైందేమోనని కాస్త వదులు కూడా చేశాను. మీ మరిది తాడు విప్పుతూ ఒకసారి నన్ను చూశారు, ఒకసారి బస్తాని చూశారు. ఏదో అనబోయారు. తండ్రి ముందు ఆయనదీ నా బాపతే. బస్తాలతో కలిపి నలుగురం మూగవాళ్ళం, ఒకళ్ళకొకళ్ళం తీసిపోం.

తిట్టు. తిట్టించుకోవడానికే రాస్తున్నాను.

నీ చెల్లి.


పట్నం, కుట్టు షాపు పైగది.

చెల్లీ,

ఇసుకకి విహారయాత్ర చేయించిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. కాజాలావిడకైతే బస్తాలకి జబ్బుచేసి, వాటి బదులు నువ్వే వెళ్ళావని చెప్పాను. నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఒక సంగతి నీకు రాయలేదు. మీ బావ ఈసారి ఒట్టి మాటగా అనలేదు. సెలవు అడిగాడు, ఇచ్చారు కూడా. ఇద్దరం అక్కడికి రావడానికి దాచుకున్న డబ్బుతోనే ఆ పడవ బుక్ చేశాను. నేనే వద్దన్నాను. మనం ఒక్కరోజు చూసి వస్తే ఏముంది, చెల్లి అక్కడే ఉండి చూడలేకపోతోంది, అదే చూడనీ అన్నాను. మీ బావ బయటికి తీసిన పెట్టె మళ్ళీ మంచం కిందికి తోసేశాడు.

అది చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెప్పాలనిపించింది.

ఇక నేను పడవలు బుక్ చెయ్యను, మాటలు నేర్పను. నీ నోరు, నీ సరస్సు.

అక్క.


సరస్సు ఒడ్డు,
నడివేసవి.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఏం రాయాలో తెలియక రాయలేదు. రోజుకొకసారి తీసి ఆ పెట్టె దగ్గర వరకూ చదివి మడిచి పెట్టేదాన్ని. ఇవాళ రాయడానికి ఒకటి దొరికింది.

పొద్దున మొదటి పడవ ఎవరో బ్యాంకు మేనేజరుగారిది. ఆయన రాలేదు. మామగారు బస్తాలన్నారు. మీ మరిది ఒకదాన్ని భుజానికెత్తుకున్నారు. నేను తువ్వాళ్ళ బుట్టతో మెట్లు దిగుతున్నాను. ధైర్యం వచ్చిందని రాయాలనుంది కానీ రాలేదు. ఒళ్ళు మండింది. నువ్వూ బావా కూర్చోవలసిన చోట ఆ బస్తా కూర్చుందే అనిపించింది.

"దాన్ని దింపండి" అన్నాను.

రేవంతా వినపడింది. అంత గొంతు ఎవరిదా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. టికెట్ల దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు మెడలు సాచి చూశారు.

"ఏంటమ్మా?" అన్నారు మామగారు.

"కావలసింది బరువే కదండీ. నేనెక్కుతాను."

"ఇంటి మనుషులు ఎక్కకూడదని తెలుసుగా?"

"ఇంటి మనిషిగా ఎక్కట్లేదు మామగారూ. బస్తాగా ఎక్కుతున్నాను."

మామగారు ఆలోచనలో పడ్డారు. నిజం చెప్పొద్దూ, ఆయన నియమాల మనిషే కానీ మోసగాడు కాదు. బస్తాలో ఇసకే ఉండాలని ఆయన ఎప్పుడూ నియమం పెట్టలేదు. చివరికి, "ఒకటి చాలదమ్మా, పడవ ఒరుగుతుంది. రెండోది వెయ్యరా" అన్నారు కొడుకుతో.

"రెండోది నేను."

వంటింట్లోంచి మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ వస్తున్నారు.

"నువ్వెక్కడికే, ఈ వయసులో?" అన్నారు మామగారు.

"బస్తాకి వయసేంటండీ?" అని ఆవిడ వచ్చి జాకెట్ కోసం నా ముందు చేతులు చాపి నిలబడ్డారు. తొడిగాను. ఆవిడ భుజాలు అంత చిన్నవని నాకిప్పటిదాకా తెలియదు. మీ మరిది భుజం మీది బస్తాని దించి, మామగారి పక్కన నిలబెట్టి, తాడు విప్పారు.

పడవ సరస్సు మధ్యదాకా వెళ్ళింది. పడవ కదిలితే కింద నీళ్ళు కొట్టుకునే చప్పుడు ఒకటి ఉంటుందక్కా. ఒడ్డున నిలబడితే వినపడదు. అత్తగారు పడవ అంచు గట్టిగా పట్టుకుని, అటే చూస్తూ, "మీ మామగారూ చెప్పారు నాకు. పెళ్ళికి ముందు. అవతలి ఒడ్డుకి తీసుకెళ్తానని. ఈ ఇంటి మగాళ్ళకి వచ్చిన మాట అదొక్కటే అనుకుంటా" అన్నారు.

ఆయన తెడ్డు వెయ్యడం ఆపేశారు. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెప్పుడు అడిగావురా? వెయ్యి, వెయ్యి, గాలికి పక్కకి పోతున్నాం."

ఒడ్డు చేరాం. రాళ్ళు. కప్పు లేని కొట్టం. పూలు లేవు, వాగు లేదు. నేను తలొంచుకున్నాను. "నువ్వు ఆ కిటికీ పక్కన చెప్పేవన్నీ రోజూ వింటూనే ఉన్నా. అబద్ధాలని తెలుసు. విని విని నాకూ చూడాలనిపించింది. బండైనా ఉంటుందనుకున్నానే అమ్మాయ్, కూర్చోడానికి" అన్నారు అత్తగారు. అని, కొట్టం గోడ నీడన నేల మీదే కూర్చుని కాళ్ళు చాపారు.

ఆయన మాత్రం పడవలోనే ఉన్నారు. దిగరేం అంటే, ఎప్పుడూ దిగలేదన్నారు. గిరాకీ దిగి, చూసి, మళ్ళీ ఎక్కేదాకా పడవ పట్టుకుని కూర్చోవడమేనట ఆయన పని. ఇన్నేళ్ళ నుంచీ రోజూ వస్తూ ఈ ఒడ్డు మీద అడుగు పెట్టలేదక్కా మీ మరిది. పోస్టరులో నా విహారం ఎలాంటిదో, రోజూ ఆయన విహారమూ అలాంటిదే. చెయ్యి పట్టుకుని దింపాను. అత్తగారు చూస్తున్నారని కూడా గుర్తురాలేదు. ముగ్గురం గోడకి ఆనుకుని కూర్చున్నాం. చెయ్యడానికి ఏమీ లేదు. ఉతకడానికి లేదు, ఊడవడానికి లేదు. కాసేపు ఆ ఖాళీకి భయమేసింది, తర్వాత అలవాటైంది. "ఇది లెక్కలోకి వస్తుందా?" అని అడిగాను. "అమ్మ పక్కనుండగానా?" అన్నారు ఆయన నెమ్మదిగా. అత్తగారు కొండకేసి తిరిగి కూర్చున్నారు. నవ్వు దాచుకోవడానికనుకుంటా.

అప్పుడు అవతల్నించి మామగారి మైకు మోగింది. "మొదటి పడవ వాళ్ళు, టైమైంది, వెనక్కి రావాలి." కొండకి తగిలి మళ్ళీ వినపడింది. ఆయన అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు.

"కూర్చోరా" అన్నారు అత్తగారు. "బస్తాలకి చెవులుంటాయా?"

చాలాసేపటి తర్వాత, అత్తగారూ ఆయనా సిద్ధమయ్యాకే వెనక్కొచ్చాం. మామగారు ఎదురుచూసి ఎదురుచూసి, అలిసిపోయి, ఆ బస్తా మీదే కూర్చుని ఉన్నారు.

బావని మళ్ళీ సెలవు అడగమను. ఆ పెట్టె బయటికి తియ్యి. గదికి టికెట్టు కొనొద్దు, నా గదిలో పడుకుందాం, మగాళ్ళు వరండాలో. పడవ అసలు బుక్ చెయ్యొద్దు. డబ్బు కట్టి రానివాళ్ళు వారానికొకరైనా ఉంటారు. మా అత్తగారు మరీ మరీ చెప్పమన్నారు, బస్తాలకి టికెట్టు లేదని.

నీ చెల్లి.